సూది తీయని బొంత

అంగడికి తోలుకొచ్చిన ఎద్దును అమ్మనని ఎవరూ నోటితో అనరు. అడిగినవాడు నవ్వి పక్కకు తప్పుకునేంత ధర చెప్తారు. రాజలింగం తండ్రి అట్లాగే చేశాడు. ఇంట్లో పెద్దాయన ఎద్దును అమ్ముకు రమ్మని పంపితే, దానికి రెండెద్దుల ధర చెప్పి, పొద్దుగూకే వేళకు మళ్లీ దాన్నే తోలుకుని ఇల్లు చేరేవాడు. బేరం కుదరలేదనేవాడు. అది అబద్ధం కాదు, అట్లాగని నిజమూ కాదు. ఆ ఎద్దు వాళ్ల కొట్టంలోనే ముసలిదై చచ్చింది.

రాజలింగం ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. బడి నేర్పిందంతా ఎటుపోయిందో గానీ తండ్రి నేర్పిన ఈ విద్య మాత్రం పోలేదు. భార్య భూదేవి పోయాక, ఆమె చివరిసారి కుట్టిన బొంతను ఇంట్లో నిలుపుకోవడానికి ఆ విద్యనే వాడాడు.

మాణికేశ్వర్ నగర్‌లో అతని ఇంటి ముందు గదిలో ఆడవాళ్లు పాత చీరలతో బొంతలు కుట్టేవారు. భూదేవి వాళ్లకు పెద్ద. రాజలింగం యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంట చేసి రిటైరైన మనిషి. చలి మొదలైతే హాస్టల్ పిల్లలు కాంపస్ గోడ దాటుకుని ఆమె బొంతల కోసం వచ్చేవారు. వాళ్లలో ఒక అమ్మాయి చదువైపోయి వెళ్తూ వెళ్తూ భూదేవికి ఒక వెబ్‌సైటు చేసిచ్చింది. బొంత ఫొటో, దాని కింద ధర, ధర కింద కొనే బటన్. భూదేవి ఫోన్లోనే అంతా చూసుకునేది. రాజలింగం ఒక్కనాడూ దాని మొహం చూడలేదు. గాలిలో దుకాణం అనేవాడు.

ఒక మధ్యాహ్నం భూదేవి తన కోసమని, తన చీరలతోనే ఒక బొంత కుడుతోంది. పైన కట్టీ కట్టీ మెత్తబడిన పసుపుపచ్చ నూలు చీర. లోపల బతుకమ్మ పండుగకు రేషన్ షాపులో పంచిన చీరలు, ఆమె ఎన్నడూ కట్టనివి. ఒక్క మూల మిగిలింది. సూదిని ఆ మూలకే గుచ్చి, నీళ్లు తాగొస్తానని లేచింది. బిందె దగ్గర కూలబడింది. మళ్లీ లేవలేదు.

రాజలింగం ఆ బొంతను సూదితో సహా మడిచి బీరువా కింది అరలో పెట్టాడు. సూదిలో దారం అట్లాగే ఉంది. తీస్తే పని అయిపోయినట్టు. తీయకపోతే, నీళ్లు తాగి వచ్చి కూర్చోవాల్సిన మనిషి ఒకరు ఉన్నట్టు. ఈ మాట అతను ఎవరితోనూ అనలేదు. అనే మనిషి కాదు.

పెద్దకర్మకు వచ్చిన అక్క శివమ్మ ఊరికి తిరిగి పోలేదు. తమ్ముడికి వండిపెట్టే దిక్కు లేదని ఉండిపోయింది. ఊరందరికీ వండిపెట్టినవాడికి ఆమె వంట ఎందుకో అతనికి అర్థం కాలేదు. పోనీ అనుకుంటే, ఆమె కన్ను బీరువా మీద పడింది.

"పోయిన మనిషి చీరెలు ఇంట్ల పెట్టుకోవద్దురా తమ్మీ. మూసీల వదులు, లేకుంటే ఎవరికన్న ఇచ్చెయ్. ఆమె పాణం వాటి సుట్టే తిరుగుతది."

"తిరగనీ."

"నీకేంది, తిరగనీ అంటవ్. నాకు ఆ బీరువ దిక్కు తల పెడితె నిద్ర పడ్తలేదు."

"మీ ఊరికి పో. పడ్తది."

ఆమె పోలేదు. నోరూ మూయలేదు. పొద్దున చాయ్‌తో పాటు అదే మాట, అన్నంతో పాటు అదే మాట. వాడకట్టులో నలుగురికీ చెప్పింది. నలుగురూ అతనికి చెప్పారు. చివరికి రాజలింగానికి తండ్రి ఎద్దు గుర్తొచ్చింది.

"ఉత్తగెందుకియ్యాలె, అమ్ముత" అన్నాడు. "సైట్ల పెడ్త. కొన్నోడు కొంటడు. అప్పటిదాంక దాని జోలికి రాకు."

శివమ్మ దానికి ఒప్పుకుంది. అమ్మకానికి పెట్టిన వస్తువు ఇంట్లో ఉన్నా ఇంటిది కాదని ఆమె లెక్క.

కానీ సైటులో పెట్టాలంటే సైటు ఉండాలి. భూదేవి పోయిన కొన్నాళ్లకే అది తెల్లబడింది. తెరిస్తే ఒట్టి తెల్ల కాగితం. కుట్టేవాళ్లలో భూదేవి తర్వాతిది అరుంధతి, పక్కింటావిడ. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వదిన పోయింది సరే. దుకాణం గూడ ఆమె ఎంబడే పోవాల్నా అన్నా? అటక మీద బొంతలు ఎలుకల పాలైతున్నయి."

"నాకేమొస్తదని నన్నడుగుతున్నవ్?"

"ఆమె ఫోన్ నీ దగ్గరనే ఉన్నది గద. ఇంకెవర్ని అడగాలె?"

అట్లా రాజలింగం మళ్లీ కాంపస్ మెట్లెక్కాడు, ఈసారి గరిటె లేకుండా.

చిన్న వ్యాపారాల వాళ్లకు ఆదివారం పూట అక్కడ ఉచితంగా క్లాసు చెప్తారు. నేర్పేది శిరీష అనే పరిశోధక విద్యార్థిని. మొదటి రోజే అతన్ని గుర్తుపట్టింది. "మీ సాంబార్ తినే నాకింత ఓపిక వచ్చింది అంకుల్" అంది. అతను నవ్వలేదు. సాంబారు బాగానే ఉండేదని అతని నమ్మకం.

సైటంటే ఒట్టి ఇల్లని చెప్పింది శిరీష. ఏ పనికి ఆ పనికి ఒక ప్లగిన్‌ను తెచ్చి తగిలించుకోవాలి. అమ్మడానికి ఒకటి, డబ్బు పట్టుకోవడానికి ఒకటి, దొంగలు చొరబడకుండా ఒకటి, సరుకు తీసుకుపోయే బైకును పిలవడానికి ఒకటి, కొన్నవాళ్ల అభిప్రాయాలు అడిగి రాబట్టేది ఇంకొకటి. వాటికి ఎప్పటికప్పుడు కొత్త రూపాలు వస్తుంటాయి. ఒకదాన్ని కొత్తది చేసి ఇంకోదాన్ని పాతగా వదిలేస్తే రెండూ తగువు పడి సైటు తెల్లబడుతుంది. ఏది తగువుకు మూలమో తెలియాలంటే అన్నిటినీ ఆపేసి ఒక్కొక్కటే మళ్లీ నడపాలి.

"కోడండ్ల కొట్లాట లెక్కనే ఉన్నది" అన్నాడు రాజలింగం. "అందర్ని తల్లిగారింటికి తోలి, ఒక్కొక్కదాన్ని తెచ్చుకోవాలె."

క్లాసంతా నవ్వింది. అతను నవ్వించడానికి అనలేదు. రెండు ఆదివారాలు కష్టపడి తగువుమారిని పట్టుకున్నాడు. డబ్బు పట్టుకునేదే. సైటు లేచింది. తెల్ల కాగితం మీద భూదేవి తీసిన ఫొటోలు ఒక్కొక్కటే పైకి తేలాయి. అన్నిట్లోనూ వెనకాల అతని ఇంటి గోడ ఉంది. ఒక ఫొటో అంచున ఆమె బొటనవేలు పడింది. ఆ ఫొటో దగ్గర అతను కాసేపు ఆగాడు. మానిటర్ ఆరిపోతే మౌస్ కదిలించి మళ్లీ వెలిగించాడు.

ఆ తర్వాతి ఆదివారం పసుపుపచ్చ బొంతను ఎక్కించాడు. పేరు, ఫొటో, ధర. ధర గడిలో లక్ష అని కొట్టాడు. శిరీష అతని వెనకాల ఆగింది.

"అంకుల్, సున్నాలు ఎక్కువైనయి."

"కాలె."

"లక్షకు బొంత ఎవరు కొంటరు?"

"ఎవ్వరు కొనరు."

పక్క కుర్చీలో గోల్నాక నుంచి వచ్చే సుదర్శన్ ఉన్నాడు. పతంగులు అమ్ముతాడు. నోరు ఊరుకోదు. "కాకా, లోపల దూదా, నోట్లా?" అన్నాడు. రాజలింగం తల తిప్పలేదు.

"అమ్మొద్దు అనుకుంటే సైట్ల పెట్టకండి" అంది శిరీష. "పెట్టినా స్టాకు దగ్గర సున్న వెయ్యండి. అప్పుడు ఎవరికీ అమ్ముడుపోదు."

సున్న వేస్తే అమ్మకానికి లేనట్టు. లేదని తెలిస్తే శివమ్మ బీరువా తెరుస్తుంది. ఇదంతా ఈ పిల్లకు చెప్పడం ఎందుకని ఊరుకున్నాడు. స్టాకు దగ్గర ఒకటి అని వేశాడు. నిబంధనల పేజీలో 'అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు' అని తానే టైపు చేశాడు. కొన్నాక సణిగేవాళ్లంటే అతనికి చిన్నప్పటి నుంచీ పడదు.

ఇంటికొచ్చి శివమ్మకు ఫోన్‌లో చూపించాడు. ఆమెకు బొంత కనిపించింది, సున్నాలు లెక్కపెట్టడం రాదు. "ఎంత పెట్టినవ్?" అని అడిగింది. "నడుస్తున్న రేటే" అన్నాడు. కొన్నాళ్లు ఇల్లు నెమ్మదిగా ఉంది.

సైటు లేచింది, ఆర్డరు వస్తే అరుంధతి ఫోన్‌కూ తెలిసేట్టు శిరీష పెట్టింది గానీ బొంతలు కదల్లేదు. ఇన్నాళ్లు మూతపడిన దుకాణం వైపు ఎవరు చూస్తారు? చలి దిగింది. సగం ధరకైనా అమ్మమని అరుంధతి పోరు పెట్టింది. ఆ ఆదివారమే శిరీష ఆఫర్ల ప్లగిన్ తీసింది. మొత్తం దుకాణం ధరలు ఒక్క దెబ్బకు మార్చేది.

"ఒక్కసారి అందరూ వినండి. నకలు సైటు చేసిపెట్టిన కదా, ముందు దాంట్ల చెయ్యండి. అంతా మంచిగున్నదంటేనే అసలు సైట్ల. ఫోన్లు సంచిలనే ఉండాలె, సుదర్శన్ గారూ, మీకే."

అందరి తెరల మీదా నకలు సైటు ఉంది. రాజలింగం దాన్ని మూసేసి అసలుది తెరిచాడు. శిరీష చూసి అడిగితే, "నీళ్లు లేని బాయిల ఈత నేర్సుకుంటరా బిడ్డా?" అన్నాడు. మెస్సులో అతను ఎన్నడూ ఉత్త గిన్నెలో గరిటె తిప్పి వంట నేర్చుకోలేదు. మొదటి రోజే హాస్టల్ మొత్తానికి పప్పు పెట్టాడు. శిరీష ఏదో అనబోయింది. ఇంతలో వెనక బెంచీలో ఎవరిదో మౌస్ పని చేయక పిలిస్తే అటు పోయింది.

ప్లగిన్ మూడు దారులు చూపించింది. నూటికి ఇంత తగ్గించడం. ఇన్ని రూపాయలు తగ్గించడం. అన్నిటికీ ఒకే ధర పెట్టడం. మూడోది చూడగానే అతనికి తార్నాక చౌరస్తాలో బండి మీద మైకు పెట్టి అరిచే మనిషి గుర్తొచ్చాడు. హర్ మాల్, ఏది తీసుకున్నా ఒకటే రేటు. ఆ బండి దగ్గర ఎప్పుడూ జనమే. మూడోదే నొక్కాడు. నాలుగు వందల తొంభై తొమ్మిది అని వేశాడు. ఏ సరుకులకు అని అడిగింది. ఏరుకున్నవాటికా, అన్నిటికా? హర్ మాల్ అంటే అన్నీ. అన్నిటికీ అన్నచోట నొక్కాడు.

ధరలన్నీ ఒక్కసారి మారిపోయాయి. వరసగా, ఎక్కడా తడబాటు లేకుండా. ఎవరి సాయమూ లేకుండా అతను చేసిన మొదటి పని అది. తిరిగొచ్చిన శిరీష చూసి చప్పట్లు కొట్టించింది. సుదర్శన్ ఈల వేశాడు. "కాకా, ఇగ నువ్వే మాకు క్లాసు చెప్పు" అన్నాడు. రాజలింగం మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. కానీ క్లాసయ్యాక నేరుగా ఇంటికి పోలేదు. ఆర్ట్స్ కాలేజీ ముందు చాయ్ తాగాడు. కుట్టే ఆడవాళ్ల ముందు ఈ మాట ఎట్లా చెప్పాలా అని ఆలోచించాడు. మామూలుగా, పట్టనట్టు చెప్పాలనుకున్నాడు. తర్వాత నిదానంగా నడిచాడు. ఫోను సంచిలోనే ఉండిపోయింది.

ఇంట్లో ముందు గది ఖాళీగా కనిపించింది. అటక మీది కట్టలు లేవు. శివమ్మా అరుంధతీ గోడకానుకుని చాయ్ తాగుతున్నారు, ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

"ఎన్నిసార్లు ఫోన్ చేసిన అన్నా, ఎత్తవైతివి" అంది అరుంధతి. "పగలంత ఆర్డర్లే ఆర్డర్లు. ఒక బైకు పోకముందే ఇంకో బైకు. ఇచ్చుడే సరిపాయె. వదిన ఏమంటుండె, ఆర్డరంటే వడ్డించిన ఇస్తరి, సల్లారనియ్యొద్దు అంటుండె గద."

"అన్నీ పోయినయా?"

"అన్నీ. నీ బీరువల ఉన్నది గూడ పాయె."

రాజలింగం సంచి కింద పెట్టలేదు. "దాని రేటు లక్ష" అన్నాడు.

"లక్షనా?" అరుంధతి ఫోన్ తీసి చూపించింది. "గీడ సూడు. అన్నిటికి ఎంతనో దానికీ అంతే ఉన్నది. నువ్వే తగ్గించినవ్, మనసు గట్టి చేసుకున్నవ్ అనుకున్న."

"నేనే తీసిచ్చిన తమ్మీ" అంది శివమ్మ. "పసుపు రంగుది అన్నరు, తీసిన. మడత గూడ ఇప్పలె. పోనీ, మంచి తీరుగనే పోయింది. ఇయ్యాల నాకు నిద్ర పడ్తది."

అతను వాళ్లిద్దరినీ చూశాడు. ఎవర్ని పట్టుకుని తిట్టాలో తెలియలేదు. అరుంధతి భూదేవి చెప్పిన పని చేసింది. శివమ్మ అతను ఇచ్చిన మాటను నమ్మింది. ప్లగిన్ అతను నొక్కింది చేసింది. జీవితంలో అతనికి ఎప్పుడూ ఎవరో ఒకరు దొరికేవారు తిట్టడానికి.

బీరువా కింది అర తెరిచి చూశాడు. అడుగున పరిచిన దినపత్రిక మీద బొంత ఉన్నచోట అచ్చు చదునుగా పడి ఉంది. తలుపు మూశాడు.

గడప మీద కూర్చుని ఆర్డరు తెరిచాడు. కరుణ, తార్నాక, వీధి, ఇంటి నంబరు. ఆర్డరు స్థితి మార్చే చోట 'రద్దు' అని ఉంది. నొక్కాడు. పచ్చగా ఒక గీత వచ్చి పోయింది. రద్దయిందని చెప్పింది. బొంత మాత్రం వెనక్కి రాలేదు. కాసేపటికి ఫోన్ మోగింది.

"హలో, బొంతలవాళ్లా? నేను కరుణని. నాకు డబ్బులు వాపస్ వచ్చినయి. ఏమైందండీ, పొరపాటా?"

అప్పుడు తెలిసింది అతనికి, రద్దు నొక్కితే ఏం జరుగుతుందో. బొంతా ఆమె దగ్గరే, డబ్బూ ఆమె దగ్గరే.

"పొరపాటే. ఆ పసుపు బొంత అమ్మేది కాదు. వాపస్ ఇయ్యుర్రి."

"కానీ మీ సైట్ల రాసి ఉంది కదండీ, అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదని."

"నేనే రాసిన."

అవతల ఆమె గొంతు మెత్తబడింది. "నాకు ఇవ్వొద్దని లేదండీ. ఇప్పుడైతే కుదరదు. దాని మీద పడుకున్నది, నొప్పులు వస్తున్నయి. ఏ టైముకైనా కాన్పు అయితది. రేపు పొద్దున రండి, చూద్దాం."

ఫోన్ పెట్టేశాక అతను కాస్త కుదుటపడ్డాడు. ఎవరో పురిటి మనిషి. పాతచీర బొంత మీద కాన్పు, మంచిదే. కానీ ఇంకో భయం మొదలైంది. ఎవరైనా మడత విప్పి సూది తీసేసి ఉంటారా? తీసి ఎక్కడ పడేసి ఉంటారు? ఆ రాత్రి శివమ్మకు నిద్ర పట్టింది.

తెల్లారి రాజలింగం అరుంధతి ఇంటికి పోయి, ఆమె సొంతానికి కుట్టుకున్న కొత్త బొంత అడిగాడు. ఎందుకని అడగకుండా ఇచ్చింది. దాన్ని చంకన పెట్టుకుని తార్నాక చేరాడు. చౌరస్తాలో హర్ మాల్ బండి అప్పుడే దుప్పట్లు తీసి సరుకు పేర్చుకుంటోంది. దాని వైపు చూడకుండా రోడ్డు దాటాడు.

సందు లోపల పాత డాబా ఇల్లు. గేటు దగ్గరికి రాగానే లోపలి నుంచి కుక్కలు మొరిగాయి, ఒకటి కాదు. జుట్టు ముడేసుకున్న నడివయసు ఆవిడ గేటు తీసింది. బ్యాంకు ఉద్యోగానికి తయారైన మనిషి, చీర కుచ్చిళ్లకు మాత్రం కుక్క వెంట్రుకలు.

"రండి అంకుల్. భయపడకండి, ఇవి ఒట్టిగ మొరుగుతయి. జిలేబికి రాత్రి ఆరుగురు పుట్టిర్రు."

జిలేబి ఎవరని అతను అడగలేదు. వరండా మూలన తిరగేసిన పాత సోఫా ఉంది. దాని నీడలో పసుపుపచ్చ రంగు కనిపించింది. దాని మీద ఒక ఎర్రటి ఊరకుక్క పక్కకు ఒరిగి పడుకుంది. పొట్ట దగ్గర పిల్లలు, కళ్లు తెరవనివి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పాలు వెతుక్కుంటున్నాయి. చీర సగం తడిసి నల్లబడింది.

రాజలింగం నిలబడిపోయాడు.

"రోడ్డు మీద దెబ్బ తగిలి దొరికింది" అంది కరుణ. "కొత్త దుప్పట్లు వేస్తే పండదు, గోళ్లతో గీరి అవతల పడేస్తది. పాతబట్టయితేనే ఒప్పుకుంటది. మీ సైట్ల నాలుగు కొన్న, ఇదొక్కటే దానికి నచ్చింది. ఎక్కి కూర్చున్నది, మళ్లీ దిగలేదు."

అతను చంకలోని కొత్త బొంత వైపు చూసుకున్నాడు. మార్చుకుందామని తెచ్చిన మాట నోటికి రాలేదు. మార్చుకుని ఏం చేస్తాడు? పురుటి రక్తం పడ్డదాన్ని బీరువాలో పెడతాడా? శివమ్మ మాట పోనీ, తనే పెట్టగలడా?

"అది ఎవరిది అంకుల్?" అని అడిగింది కరుణ.

"మా ఇంటామెది. కుడుతుండంగ పోయింది."

కరుణ చెయ్యి నోటి మీద పెట్టుకుంది. "నాకు తెల్వదు. నిజంగా తెల్వదు."

"నీకెట్ల తెలుస్తది."

అంత మెత్తగా తాను మాట్లాడడం అతనికే కొత్తగా అనిపించింది. ఒక పిల్ల దారి తప్పి తల్లి కాళ్ల వైపు, బొంత చివరి మూల వైపు డేకుతోంది. గుడ్డి మూతితో చీరను తడుముతూ, పొడుస్తూ పోతోంది.

"సూది" అన్నాడు.

"ఏంది?"

"ఆ మూలకు సూది ఉన్నది. నేను తియ్యలె."

కరుణ మొహం తెల్లబోయింది. వంగి పిల్లను తీయబోతే జిలేబి పళ్లు చూపించింది. ఆవిడ దాని తల దగ్గర కూర్చుని, చెవుల వెనక గీరుతూ, తియ్యగా ఏవేవో మాటలు మొదలుపెట్టింది. "మెల్లగ అంకుల్. కళ్లల్ల చూడకండి. చెయ్యి కిందికెళ్లి పోనియ్యండి."

రాజలింగం కొత్త బొంత నేల మీద పడేసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేల మీద పాకించినట్టు చెయ్యి పోనిచ్చాడు. పిల్లను అరచేత్తో పక్కకు నెట్టాడు. వేడిగా, తడిగా, గుప్పెట్లో ఇమిడేంత చిన్నగా ఉంది. తల్లి గుర్రుమంది. తర్వాత మెడ చాచి అతని మణికట్టును నోట్లో పట్టుకుంది. కొరకలేదు, వదలనూ లేదు. పళ్ల బరువు మాత్రం చర్మం మీద ఆనింది.

"కదలకండి" అంది కరుణ గుసగుసగా.

అతను వేళ్లు మాత్రం కదిలించాడు. మూల మడత దొరికింది. లోపల సన్నగా, చల్లగా సూది తగిలింది. తుప్పు గరుకు. లాగాడు. దారం రాలేదు. భూదేవి ఎప్పుడూ దారాన్ని రెండు పేటలు చేసి కొవ్వొత్తికి రుద్ది కుట్టేది. ఆమె కుట్టింది ఊడదని హాస్టల్ పిల్లలు అనేవారు. ఇంకా లాగితే కుట్టంతా పిగిలి వస్తుంది. కత్తెర తెమ్మందామంటే కరుణ లేవలేదు, ఆమె లేస్తే కుక్క ఊరుకోదు.

రాజలింగం వంగాడు. చెంప బొంతకు ఆనింది. రక్తం వాసన, పాల వాసన, కుక్క వాసన. ఇంకే వాసన కోసమో ముక్కు వెతికింది. దొరకలేదు. దారాన్ని పంటి కింద పెట్టి కొరికాడు. ఒకసారికి తెగలేదు. మళ్లీ కొరికాడు.

సూది చేతిలోకి వచ్చింది. జిలేబి నోరు తెరిచి అతని చెయ్యి వదిలేసి, పక్కకు నెట్టిన పిల్లను నాలుకతో తన దగ్గరికి లాక్కుంది.

అతను గోడ పట్టుకుని లేచాడు. బొంత మూల రెండు పొరలుగా విచ్చుకుని కనిపిస్తోంది. పైన పసుపు, లోపల ఆమె ఎన్నడూ కట్టని చీర, పండుగ రంగు.

"పిల్లలు కళ్లు తెరిచి నడిచేదాంక ఆగండి" అంది కరుణ. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "మంచిగ ఉతికించి, నేనే తెచ్చిస్త."

"వద్దు."

"పోనీ ఆ సూది నాకియ్యండి, ఎవరికీ గుచ్చుకోకుండ పడేస్త." చెయ్యి చాచింది.

సూదిని చేతి నుంచి చేతికి ఇవ్వరు. అతను ఇవ్వలేదు. గేటు దాకా వచ్చాక ఆమె వెనక నుంచి పిలిచింది, కొత్త బొంత మరిచిపోయారని. "ఉండనీ, సలికాలం" అన్నాడు.

తార్నాక బస్టాపులో నిలబడ్డాడు. జేబులో ఫోన్ మోగింది. సైటు నుంచి మెసేజి. అభిప్రాయాలు రాబట్టే ప్లగిన్ తన పని తాను చేసింది. కరుణ రాత్రి రాసింది, అతను రాకముందు. పసుపు బొంత కింద అయిదుకు అయిదు చుక్కలు. 'చాలా మెత్తగా ఉంది. మా జిలేబి దిగనంటోంది. ఇలాంటివి ఇంకా ఉన్నాయా?' దాని కింద రెండు బటన్లు, ఆమోదించడానికి ఒకటి, చెత్తబుట్టకు ఒకటి. ఈ ప్లగిన్ అతనికి బాగా వచ్చు. ఏది నొక్కితే ఏమవుతుందో తెలుసు. ఫోన్ జేబులో వేసుకున్నాడు.

బస్సు వచ్చింది. ఆఫీసుల వేళ, మెట్ల మీద దాకా జనం. ఎక్కబోయి ఆగాడు. సూది ఎక్కడ పెట్టాలి? జేబులో పెడితే తొడకు గుచ్చుకుంటుంది. చేతిలో పట్టుకుంటే ఆ తోపులాటలో ఎవరికో గుచ్చుకుంటుంది. భూదేవి అయితే జాకెట్టుకు గుచ్చుకునేది. చొక్కా కాలరుకు గుచ్చి చూశాడు. మెడకు తగులుతోంది. తీశాడు. బెజ్జానికి కొరికిన దారం ముక్క వేలాడుతోంది.

"ఎక్కుతవా లేదా పెద్దమనిషీ?" అని కండక్టరు అరిచాడు.

బస్సు పోయింది. వెనకాలే ఇంకోటి వచ్చింది, అదీ కిక్కిరిసే ఉంది. దాన్నీ పోనిచ్చాడు. తర్వాత సూదిని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ఎదురొచ్చేవాళ్లకు తగలకుండా చెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టుకుని, కాంపస్ రోడ్డు వెంట ఇంటి వైపు నడవడం మొదలుపెట్టాడు.